మనోవర్తి బకాయి – చెరసాల తీర్చని ఋణం

భర్త, భార్య, భరణం – ఈ మూడు మాటలూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. 'భృ' ధాతువుకు మోయుట, పోషించుట అని అర్థం. పోషించువాడు భర్త, పోషింపదగినది భార్య, ఆ పోషణమే భరణం. సంస్కృతం సంగతి అటుంచితే, మన తెలుగునాట కోర్టు గుమ్మాల దగ్గర ఎక్కువగా వినిపించే మాట మనోవర్తి. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు 'మను' అనే తెలుగు ధాతువు స్ఫురిస్తుంది. మనుట అంటే బ్రతుకుట. పెళ్ళిపందిట్లో ఈ మాటల అర్థం ఎవరూ అడగరు. కాపురం చెడిన తరువాతే వాటి అర్థం వెతుక్కునే అవసరం కలుగుతుంది.

భరించవలసినవాడు భరించనంటే రాజ్యం ఏమి చేయాలి? ఈ ప్రశ్న చాలా పాతది. దీనికి మన శాస్త్రకారులూ, తెల్లదొరల శాసనకర్తలూ, స్వతంత్ర భారత న్యాయమూర్తులూ చెప్పిన సమాధానాలను ఒక వరుసలో పెట్టి చూడాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. నేను న్యాయవాదిని కాను. తెలుగు పాఠం చెప్పుకుని బ్రతికినవాణ్ణి. కనుక చట్టాన్ని కూడా మాటల వెంట నడిచే అర్థం చేసుకోగలను. చదువరులు ఆ దృష్టితోనే ఇది చదవాలని మనవి.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఎన్నో శతాబ్దాలు మరుగున పడి ఉండి, మైసూరులో శామశాస్త్రిగారి చేతికి చిక్కి 1909లో అచ్చయింది. అందులో కొత్త జనపదాలను నెలకొల్పే ప్రకరణంలో ఒక నియమం ఉన్నది. ఆలుబిడ్డలను, తల్లిదండ్రులను, వ్యవహారప్రాప్తి కాని తమ్ములను, పెళ్ళికాని లేదా విధవలైన అక్కచెల్లెళ్ళను శక్తి ఉండి పోషించనివానికి పన్నెండు పణాల దండుగ. పతితులైనవారిని పోషించనక్కరలేదట, కాని తల్లి విషయంలో ఆ మినహాయింపు లేదు. ఆ వెంటనే మరో నియమం. ఆలుబిడ్డలకు జరుగుబాటు ఏర్పరచకుండా సన్న్యాసం పుచ్చుకునేవానికి పూర్వసాహస దండం. మోక్షం కోసం పోయేవాడైనా సరే, ముందు ఇంట్లో బియ్యం సంగతి చూసి పోవాలన్నమాట!

ఇక్కడ నేను ఆగిపోయే మాట 'శక్తిమంతుడు'. కౌటిల్యుడు పోషించనివాళ్ళందరికీ దండుగ వేయలేదు. శక్తి ఉండీ పోషించనివాడికే వేశాడు. లేనివాడు వేరు, లేదనేవాడు వేరు. ఈ రెండింటి మధ్య గీత గీయడమే ఈ చట్టం కథ అంతా. ఆ గీత ఎక్కడ గీయాలన్నది నేటికీ తేలలేదు.

యాజ్ఞవల్క్యస్మృతిలో ఇంకొక విషయం. చెప్పిన మాట వినేదీ, పనిలో నేర్పరీ, పుత్రవతీ, ప్రియభాషిణీ అయిన భార్యను విడిచిపెట్టేవాడు తన ధనంలో మూడోవంతు ఆమెకు ఇవ్వాలి. ధనం లేనివాడైతే ఆమె పోషణభారం వహించాలి. ఇన్ని సుగుణాలు ఉన్న భార్యకే ఈ హక్కు అనడం ఈనాటి మనకు ముల్లులా గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా. కాని అక్కడ వాడిన క్రియాపదం చూడండి. 'దాప్యః' అన్నాడు స్మృతికారుడు. అది ప్రేరణార్థక రూపం. అంటే 'అతడు ఇవ్వవలెను' అని కాదు, 'అతని చేత ఇప్పించవలెను' అని. ఇవ్వడానికీ ఇప్పించడానికీ నడుమ ఒక మూడో మనిషి నిలబడి ఉన్నాడు. ధర్మశాస్త్రాలలో ఆ మూడో మనిషి రాజు. ఈ స్మృతికే విజ్ఞానేశ్వరుడు మితాక్షరా వ్యాఖ్య వ్రాశాడు. పదమూడో శతాబ్దంలో మన కేతన దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ధర్మశాస్త్రాన్ని తెలుగువాడు తన భాషలో చదువుకోవడం అంత పాత సంగతి.

రాజులు పోయి కుంపిణీ వచ్చింది, కుంపిణీ పోయి రాణీగారి పరిపాలన వచ్చింది. 1861లో తొలి క్రిమినల్ ప్రొసీజరు కోడు వచ్చినప్పుడు అందులోనే మనోవర్తి నియమం చేరింది. 1872 నాటి కోడును సభలో నడిపించిన న్యాయసభ్యుడు జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. దిక్కులేనివారు దేశదిమ్మరులై తిరగకుండా చూడడం, కనీసం ఆ తిరుగుడు వలన వచ్చే అనర్థాలను ఆపడం ఈ నియమం ప్రయోజనమని ఆయన అభిప్రాయం. దొర దృష్టి వీధి మీద ఉన్నది, వంటింటి మీద కాదు. అన్నం లేని ఆడది బిచ్చానికి దిగితే, పిల్లవాడు దొంగతనానికి దిగితే సర్కారుకు తలనొప్పి. అందుకే ఇది సివిలు చట్టంలో కాక నేరవిచారణ చట్టంలో చోటు చేసుకున్నది. కారణం ఏదైనా ఫలితం మంచిదే. ఏ మతానికి చెందిన స్త్రీ అయినా, సక్రమ సంతానమైనా అక్రమ సంతానమైనా, దగ్గరి మేజిస్ట్రేటు దగ్గరకు పోయి అర్జీ పెట్టుకోవచ్చు. స్మృతికారులు అడిగిన ప్రియభాషణం ఇక్కడ ఎవరూ అడగలేదు.

1898 నాటి కోడులో ఇది 488వ సెక్షను. మన పెద్దల నోళ్ళలో ఈ అంకె చాలాకాలం నానింది. నెలకు అందరికీ కలిపి యాభై రూపాయలకు మించకుండా మేజిస్ట్రేటు మనోవర్తి విధించవచ్చు. 1923లో ఆ పరిమితి నూరు రూపాయలయింది. 1949లో ఒక మంచి సవరణ వచ్చింది. మొగుడు 'నా ఇంటికి వస్తే పోషిస్తాను' అన్నప్పటికీ, అతడు మరొకతెను పెళ్ళాడినా, ఉంచుకున్నా, భార్య ఆ ఇంటికి పోనక్కరలేదు, మనోవర్తి పుచ్చుకోవచ్చు. 1955లో పరిమితి 500 రూపాయలకు పెరిగింది. 1973 నాటి కొత్త కోడులో 488 కాస్తా 125 అయింది. విడాకులు పొందిన స్త్రీ, తల్లిదండ్రులు అందులో చేరారు. కాని 500 మాత్రం 500గానే ఉండిపోయింది. 2001లో పార్లమెంటు ఆ పరిమితిని తీసివేసేదాకా, అంటే 46 ఏళ్ళ పాటు, కేంద్ర చట్టం వ్రాతలో ఆ అంకె నెలకు 500 రూపాయలు దాటలేదు. 1955లో బియ్యం ధర ఎంతో 2001లో ఎంతో ఎరిగినవారికి దీని అర్థం వివరించనక్కరలేదు. వ్యాజ్యం నడుస్తున్న కాలంలో మధ్యంతర మనోవర్తి ఇవ్వాలని, ఆ అర్జీని నోటీసు అందిన 60 రోజులలో వీలైనంతవరకు తేల్చాలని కూడా ఆ 2001 సవరణే చెప్పింది.

ఇక అసలు విషయం. ఉత్తర్వు వచ్చింది, మొగుడు ఇవ్వలేదు. అప్పుడేమవుతుంది?

చట్టం మెట్లు మెట్లుగా చెబుతుంది. తగిన కారణం లేకుండా చెల్లించకపోతే, ప్రతి ఎగవేతకూ మేజిస్ట్రేటు వారంటు ఇవ్వవచ్చు. జరిమానా వసూలు చేసే పద్ధతిలోనే ఈ బకాయినీ వసూలు చేయాలి. అంటే చరాస్తి జప్తు చేసి అమ్మడం, లేదా కలెక్టరు ద్వారా శిస్తు బకాయి లాగా రాబట్టడం. అప్పటికీ తీరకుండా మిగిలినదానికి నెల వరకు, లేదా అంతకుముందే చెల్లిస్తే చెల్లించేవరకు, జైలు. భార్య మాత్రం బకాయి పడిన ఏడాదిలోగా అర్జీ పెట్టుకోవాలి. లేకుంటే ఆ బకాయికి వారంటు రాదు.

ఈ వాక్యాలను వరుసగా చదివితే జైలు ఎక్కడ ఉన్నదో చూశారా? చివరి మెట్టు మీద ఉన్నది. ముందు సొమ్ము, తరువాతే మనిషి. కాని వ్యవహారంలో కొందరు భర్తలు ఈ వరుసను తిరగవేసి చదువుకున్నారు. 'నెల రోజులు లోపల కూర్చుని వస్తే బాకీ తీరిపోతుంది' అని లెక్క కట్టారు. దొంగకు శిక్ష పడితే నేరం తీరినట్లు, తమకూ తీరుతుందనుకున్నారు. కింది కోర్టులలో కూడా ఆ వాదం కొంతకాలం చెల్లింది. కుల్దీప్ కౌర్ అనే ఆమె వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ తీర్పు 1989 నాటి తీర్పుల సంపుటాలలో అచ్చయింది. జైలు అనేది బాకీ వసూలుకు ఒక సాధనం మాత్రమే, బాకీ తీర్చే మార్గం కాదు అని ఆ తీర్పు సారాంశం. చెల్లించడం వలననే ఋణం తీరుతుంది. నెల రోజులు చెరలో ఉండి వచ్చినా పైసా తగ్గదు. నన్నడిగితే, మనోవర్తి చరిత్రలో ఇంతకంటె ముఖ్యమైన తీర్పు మరొకటి లేదు. 'ఇప్పించవలెను' అన్న ఆ పాత క్రియాపదానికి దీనితో పూర్తి అర్థం వచ్చింది.

1999లో షహదా ఖాతూన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు మరో సంగతి తేల్చింది. మేజిస్ట్రేటు ఒకసారికి వేయగల చెర నెల రోజులే. ఆ పైన కూడా ఎగవేత సాగితే ఆమె మళ్ళీ అర్జీ పెట్టుకోవాలి. చట్టం మాటలను బట్టి అది సరైన అర్థమే కావచ్చు. కాని ఆ 'మళ్ళీ' అన్న మాట బరువు మోసేది ఎవరు? బస్సు చార్జీ పెట్టుకుని, కూలి పోగొట్టుకుని, చంకలో బిడ్డతో కోర్టు వరండాలో నిలబడే మనిషి.

నేను పనిచేసిన ఒక పాఠశాలలో ఒక సహోపాధ్యాయుని జీతం మీద ఇలాంటి జప్తు ఉత్తర్వు వచ్చింది. పేర్లు అనవసరం. సివిలు డిక్రీల అమలులో మామూలు అప్పు అయితే జీతంలో చాలా భాగానికి రక్షణ ఉంటుంది. మనోవర్తి డిక్రీకి మాత్రం ఆ రక్షణ మూడోవంతుకే పరిమితం. మిగిలిన రెండు వంతులూ జప్తుకు లోబడినవే. ఆ ఉత్తర్వు రాకముందు ఆయన భార్య ఒకసారి కార్యాలయానికి వచ్చింది. మా ప్రధానోపాధ్యాయులు, "కోర్టువారు జైలుకు పంపుతామన్నారట కదమ్మా" అన్నారు. ఆమె, "మాస్టారూ, ఆయన్ని లోపల వేస్తే నా పొయ్యి మీద ఎసరు మరుగుతుందా? జీతం బిల్లులో పట్టించండి, చాలు" అన్నది. ఆ తరువాత నెల నెలా జీతం బిల్లులో ఒక గడి ఆమె పేర నిండుతూ వచ్చింది. ఆయన జైలుకు పోలేదు. ఉద్యోగమూ పోలేదు. ఆ పిల్ల చదువు ఆగలేదు. చట్టం పనిచేయడమంటే ఇదే కదా అనిపించింది నాకు.

కాని జీతం బిల్లు అందరికీ ఉండదు. వ్యాపారికీ, కమీషను మనిషికీ, పేరు మార్చి భూమి దాచేవాడికీ ఉండదు. అలాంటి చోట డిక్రీ పట్టుకుని పోరాడవలసిందే. మన నెల్లూరు నుంచి వెళ్ళిన తులసమ్మ వ్యాజ్యం ఇందుకు మేలైన ఉదాహరణ. ఇది భర్త ఎగవేత కాదు. భర్త ఉమ్మడి కుటుంబంలో ఉండగానే 1931లో పోయాడు. 1944లో ఆమె నెల్లూరు మునసబు కోర్టులో మరిది మీద మనోవర్తికి దావా వేసింది. డిక్రీ అమలుకు పెట్టినప్పుడు రాజీ కుదిరి, బ్రతికినంతకాలం అనుభవించడానికి కొంత ఆస్తి ఆమెకు ఇచ్చారు. అమ్ముకునే హక్కు మాత్రం లేదన్నారు. ఆ హక్కు మీద తగవు సుప్రీంకోర్టుకు చేరి 1977లో ముగిసింది. మనోవర్తి హక్కు ఎవరి దయాధర్మమూ కాదు, అది ముందునుంచీ ఉన్న హక్కు, దానికి బదులుగా వచ్చిన ఆస్తి 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వలన ఆమెకు సంపూర్ణంగా సొంతమైనదే అని ధర్మాసనం తేల్చింది. దావా వేసిన నాటికీ తీర్పు నాటికీ మధ్య 33 ఏళ్ళు! తులసమ్మ పేరు నేటికీ దేశమంతటా వకీళ్ళ నోట నలుగుతున్నది.

షాబానో పేరు తెలియనివారు ఉండరు. ఇండోరులో మేజిస్ట్రేటు ఆమెకు 1979లో నెలకు 25 రూపాయలు విధించాడు. హైకోర్టు దానిని 179 రూపాయల 20 పైసలు చేసింది. ఆమె భర్త వృత్తిరీత్యా న్యాయవాది. ఆ కొద్ది సొమ్ముకు ఆయన సుప్రీంకోర్టు దాకా పోయాడు. 1985లో ఓడిపోయాడు. 1986లో పార్లమెంటు వేరే చట్టం చేసింది. 2001లో దానియల్ లతీఫీ వ్యాజ్యంలో ఆ చట్టానికి కోర్టు విశాలార్థం చెప్పింది. 2024 జూలై 10న తెలంగాణ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో, విడాకులు పొందిన ముస్లిం స్త్రీ కూడా 125వ సెక్షను కింద అర్జీ పెట్టుకోవచ్చునని జస్టిస్ నాగరత్న, జస్టిస్ మసీహ్ స్పష్టం చేశారు. అంతకు కొద్దిరోజుల ముందే, 2024 జూలై 1 నుంచి, కొత్త నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చి 125 స్థానంలో 144వ సెక్షను నిలిచింది. అంకె మారింది, నెల రోజుల చెర మారలేదు.

ఇప్పుడు మళ్ళీ 'శక్తి' దగ్గరకు వద్దాం. ఇవ్వలేనివాణ్ణి జైలుకు పంపడం న్యాయమా? ఈ ప్రశ్నను తోసిపుచ్చకూడదు. 1980లో జాలీ జార్జి వర్గీస్ వ్యాజ్యంలో జస్టిస్ కృష్ణయ్యరు, బ్యాంకు అప్పు విషయంలో, చెల్లించే స్తోమత లేకపోవడమే నేరమై మనిషి చెరకు పోకూడదని తీర్పు చెప్పారు. మోసబుద్ధి ఉండాలి, లేదా ఉండీ ఇవ్వని మొండితనం ఉండాలి. మనోవర్తిలో మాత్రం కోర్టులు కొంచెం గట్టిగా నిలబడ్డాయి. ఒళ్ళు సత్తువగా ఉన్నవాడు కూలి చేసియైనా భార్యాబిడ్డలను పోషించాలని 2022లో కూడా సుప్రీంకోర్టు చెప్పింది. అప్పు ఇచ్చిన బ్యాంకు ఏడాది ఆగగలదు, ఆకలి ఆగలేదు. ఈ తేడాయే ఆ గట్టితనానికి కారణమని నేను అర్థం చేసుకున్నాను.

మన పిల్లలు లక్షలుగా స్థిరపడిన అమెరికాలోనూ ఇదే ముడి. అక్కడ పిల్లల పోషణసొమ్ము బకాయి 2,500 డాలర్లు దాటితే పాస్‌పోర్టు నిరాకరిస్తారు. రాష్ట్రాలు డ్రైవింగు లైసెన్సు నిలిపివేయగలవు. కోర్టు ధిక్కారం కింద జైలుకూ పంపుతారు. సౌత్ కరోలినాలో ఒక పేద తండ్రికి ఇలాగే ఏడాది శిక్ష పడింది. అతనికి చెల్లించే శక్తి ఉన్నదా లేదా అని కింది కోర్టు తేల్చనే లేదు. 2011లో అక్కడి సుప్రీంకోర్టు అది చెల్లదన్నది. ముందు శక్తి తేల్చాలి, తరువాతే చెర. కౌటిల్యుని విశేషణం అక్కడా అవసరమయింది!

శక్తి తేల్చాలంటే లెక్కలు బయటికి రావాలి. ఎగవేతదారు బలమంతా ఆ లెక్క దాచడంలోనే ఉన్నది. 2020 నవంబరు 4న రజనీశ్ – నేహ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనికొక మందు వేసింది. ఇరుపక్షాలూ తమ ఆస్తులు, ఆదాయాలు, ఖర్చులు ప్రమాణపత్రంలో వ్రాసి ఇవ్వాలి. మనోవర్తి అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కకు రావాలి. ఉత్తర్వును సివిలు డిక్రీ లాగా జప్తుల ద్వారా కూడా అమలు చేయవచ్చు. అర్జీ తేదీ నుంచే లెక్క అన్నమాట చిన్నదిగా కనిపిస్తుంది. కాని వాయిదాలు పెంచి లాభపడే ఎత్తుగడకు అది గట్టి దెబ్బ. ఎన్నేళ్ళు సాగదీస్తే అన్నేళ్ళ బకాయి.

ముసలి తల్లిదండ్రుల కోసం 2007లో వేరే చట్టం వచ్చింది. అక్కడా ట్రిబ్యునలు ఉత్తర్వును ఎగవేసిన కొడుక్కో కూతురికో నెల వరకు జైలు ఉన్నది. అర్థశాస్త్రం జాబితాలో ఉన్న తల్లీతండ్రీ ఈ విధంగా తిరిగి పెద్దపీట ఎక్కారు.

ఇంత చరిత్రనూ ఒక వరుసలో పెట్టి చూశాక నాకు తోచినది ఒక్కటే. పన్నెండు పణాల దండుగ రాజు బొక్కసానికి పోయింది, ఆలికి చేరలేదు. నెల రోజుల చెర మొగుడికి శిక్ష అయింది, పిల్లకు అన్నం కాలేదు. ఆడవారి మేలుకు వచ్చిన మార్పులన్నీ శిక్షను పెంచినవి కావు. పరిమితి తీసివేయడం, మధ్యంతర మనోవర్తి, జీతం జప్తు, ప్రమాణపత్రం, అర్జీ తేదీ నుంచి లెక్క – ఇవన్నీ ఉత్తర్వు కాగితానికీ ఆమె చేతిలోని రూపాయికీ మధ్య దూరాన్ని తగ్గించినవే. చెర భయం వద్దని నేను అనను. ఆ భయమే లేకపోతే చాలామంది వారంటు కాగితం వైపు చూడరు. కాని జైలు తలుపు దాకా వచ్చిన ప్రతి వ్యాజ్యంలోనూ అంతకుముందు ఎన్నో నెలలు ఒక ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదని గుర్తు పెట్టుకోవాలి.

మన బంధువర్గంలో ఇలాంటి తగవు వచ్చినప్పుడు పెద్దమనుషులుగా కూర్చునేవారు ఒక పని చేయవచ్చు. 'సర్దుకుపొమ్మని' ఆమెకు చెప్పే ముందు, 'ఈ నెల సొమ్ము ఇచ్చావా?' అని అతణ్ణి అడగండి. ఏడాది గడువు దాటకముందే అర్జీ పెట్టుకోవాలన్న సంగతి ఆమెకు చెప్పండి. ఆ ఒక్క సంగతి తెలియక బకాయిలు పోగొట్టుకున్నవారు మన చుట్టూ ఉన్నారు.

స్వస్తి.